బతికున్న మనిషికి గొయ్యి అడిగిన దానమ్మ

దానమ్మగారికి అడక్కుండా ఏ పనీ చేయటం చేతకాదు. తెనాలిలో మా వీధి చివర ఉన్న నర్సింగ్ హోములో ఆమె ఆయా. మా అమ్మను అక్కడ చేర్చినప్పుడు పరిచయమైంది. పక్కమంచం ఖాళీగా ఉన్నా, "కాసేపు కూర్చోనా అండి?" అని అడిగి, ఊఁ అన్నాకే కూర్చునేది. కిటికీ రెక్క వేయటానికి అడిగేది. కుండలో నీళ్లు ముంచుకోవటానికీ అడిగేది. ఒకరోజు నేను, "ఇంత చిన్నవాటికి కూడా అడగాలా దానమ్మగారూ?" అన్నాను.

"అలవాటైపోయిందండి. ఆ అలవాటే నన్ను ముంచింది," అంది.

ఆ తరువాత చాలా సాయంత్రాలు ఆమె చెబుతూ పోయింది, నేను వింటూ పోయాను. ఆమె చెప్పిన వరస వేరు, జరిగిన వరస వేరు. ఇక్కడ జరిగిన వరసలోనే రాస్తున్నాను.

ఆమె పుట్టింది చెరుకుపల్లి దగ్గర. తల్లి చిన్నప్పుడే పోతే, కూలిపనులకు పోయే తండ్రి ఆమెను లూథరన్ మిషను బోర్డింగులో వేశాడు. అక్కడ ప్రతిదానికీ చీటీ కావాలి. ఊరికి వెళ్లాలంటే మేట్రనమ్మ చీటీ, జ్వరమొచ్చి గంజి కావాలంటే ఇంకో చీటీ. పెద్దయ్యాక ఒక ఊరి చర్చి సంఘం నుంచి ఇంకో ఊరి సంఘానికి మారాలంటే పాస్టరుగారి ఉత్తరం. రేపల్లె అవతల, సముద్రం దగ్గరి పల్లెకు కోడలిగా వెళ్లినప్పుడు ఆమె పెట్టెలో రెండు చీరలు, ఒక బైబిలు, ఆ ఉత్తరం ఉన్నాయట.

"మా అత్త ఆ ఉత్తరం అటూ ఇటూ తిప్పి చూసి, దీన్ని పీతల పులుసులో వేస్తే చిక్కబడిద్దా అంది. ఆ పల్లెలో ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరండి. పడవ కావాలంటే తోసుకుపోతారు. వల కావాలంటే తీసుకుపోతారు. నేనొక్కదాన్నే గడప బయట నిలబడి, అక్కా చేట ఇస్తావా అనేదాన్ని. నన్ను చూసి నవ్వేవాళ్లు."

భర్త దేవసహాయం కోతల రోజుల్లో వరి కూలికి పోయేవాడు, మిగతా రోజుల్లో కాలవల్లో పీతలు పట్టేవాడు. మాట తక్కువ మనిషి. ఇద్దరు పిల్లలు పుట్టారు. పెద్దది ప్రమీల, చిన్నవాడు ప్రభుదాసు.

డెబ్బై ఏడులో ఉప్పెన వచ్చినప్పుడు ఆ భార్యాభర్తలు పల్లెలో లేరు. నందివెలుగు వైపు కోతలకు వెళ్లారు. పిల్లలు నాయనమ్మ దగ్గర ఉన్నారు. నీళ్లు తీశాక పడుతూ లేస్తూ తిరిగివస్తే పల్లె ఉన్న చోట బురద ఉంది. నాయనమ్మ దొరకలేదు. పిల్లలిద్దరూ కాలవ అవతల, మడ అడవి మధ్యలో ఉన్న దిబ్బ మీద దొరికారు. నీళ్లు ఎంతోమందిని కొట్టుకెళ్లి ఆ దిబ్బ మీదనే వదిలేశాయి. మోసుకొచ్చే స్థితి కాదు. ఎవరు ఎక్కడ పడి ఉంటే అక్కడే గొయ్యి తీసి పూడ్చారు.

గుర్తుకు సరుగుడు కర్రలతో శిలువలు పాతారు. మొదటి పెద్ద పోటుకే అవి కొట్టుకుపోయాయి. ఇటుకలు పేరిస్తే బురదలోకి దిగిపోయాయి. అప్పుడు దేవసహాయం మడలో పెరిగే ఉప్పుపొన్న చెట్టు కాయ ఒకటి తెచ్చి ప్రమీల తల దగ్గర గుచ్చాడు. ఆ కాయ బెత్తెడు పొడుగున, పచ్చిమిరపకాయలాగా చెట్టుకు వేలాడుతుంది. బురదలో నిలువుగా గుచ్చితే నిలబడి వేరు పోసుకుంటుంది. ఆయన్ని చూసి అందరూ అలాగే చేశారు. కొన్నేళ్లకు దిబ్బంతా చెట్లయింది. పేరు కూడా పొన్నదిబ్బ అయిపోయింది.

ప్రతి ఏడూ ఈస్టరు నాడు తెల్లవారుజామున పల్లెంతా పడవల్లో అక్కడికి పోయి, కొవ్వొత్తులు వెలిగించి పాట పాడి వచ్చేవారు. పల్లెలో ముసలివాళ్లు ఎవరైనా మంచాన పడితే, పిల్లల పక్కన పెట్టండని చెప్పి మరీ పోయేవారు. అలాగే పెట్టేవారు.

ఎనభైల చివరలో రేవు దగ్గర ఒక ఇనప రేకు బోర్డు లేచింది. పైన మడలో చేపలు పట్టి తినే బావురుపిల్లి బొమ్మ, కింద రాత. పల్లెలో చదవటం వచ్చిన ఆడది దానమ్మే. అందరూ చుట్టూ చేరితే పైకి చదివింది. ఇది అభయారణ్యం. అనుమతి లేనిదే లోపలికి పోరాదు, చెట్టు కొట్టరాదు, తవ్వరాదు, నిప్పు వెలిగించరాదు.

"పిల్లి బొమ్మ ఎందుకు వేశారంటావు?" అని అడిగింది ఒకామె.

"పిల్లికి చదువు రాదుగా, అది తన ఇల్లని గుర్తుపట్టటానికి," అన్నాడు దేవసహాయం తమ్ముడు కొండయ్య. అందరూ నవ్వి ఇళ్లకు పోయారు.

కాపలాకు వీరాస్వామి అనే గార్డు వచ్చాడు. సంగం జాగర్లమూడి రైతుల బిడ్డ, ఉప్పునీళ్లంటే భయం, ఈత రాదు. రేవు గట్టున గొడుగు కింద కూర్చునేవాడు. పల్లెలో చావు జరిగితే ఎవరూ చెప్పకుండానే లేచి, "రేపల్లెలో పనుంది, రేపొస్తా," అని సైకిలెక్కి పోయేవాడు. ఈస్టరు ముందురోజూ అంతే. ఎవరూ ఆయన్ని అడగలేదు, ఆయనా ఎవర్నీ అడగలేదు. అలా కొన్నేళ్లు గడిచింది.

తొంభై రెండు చివరలో దేవసహాయానికి దగ్గు ముదిరి రక్తం పడింది. తెనాలి ఆసుపత్రిలో ఉంచారు. మందులు పనిచేయలేదు. రెండు ఊపిరితిత్తులూ అయిపోయాయి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. రేపల్లె ప్యాసింజరులో కిటికీ పక్కన కూర్చోబెట్టుకుని తీసుకొస్తుంటే ఆయన చాలాసేపు బయటకు చూసి ఒక్క మాట అన్నాడు.

"ఆ రాత్రి పిల్లల పక్కన లేను. పోయాకైనా పక్కన పడుకోబెట్టు."

పెళ్లయినప్పటి నుంచి ఆయన భార్యను ఏదైనా కోరటం అదే మొదలు. దానమ్మ సరేనంది. అంతటితో ఊరుకుని ఉంటే ఏ చిక్కూ లేదు. పల్లెలో పద్ధతి ఉంది, పడవ ఉంది, గొడుగు మడిచి పోయే వీరాస్వామి ఉన్నాడు. కానీ ఆమెకు బోర్డు మీద రాత నోటికొచ్చు. తవ్వరాదు అని చదివింది ఆమె గొంతే. రేపు భర్తను దొంగసరుకులాగా దాచి తీసుకుపోవటం ఆమెకు మనసొప్పలేదు.

"ముందే అడిగి పెట్టుకుంటే ఆ రోజున దర్జాగా తీసుకుపోవచ్చు గదా అనుకున్నానండి. పాస్టరుగారు ముందు నడుస్తారు, పాట పాడుకుంటూ పోవచ్చు, ఎవరికీ భయపడక్కర్లేదు. అంతే నేననుకుంది."

కొండయ్యకు చెబితే ఆయన వల అల్లటం ఆపాడు.

"వదినా, నీకు దణ్ణం పెడతా. అడగబాకు. అడిగితే కాదంటారు. అడక్కపోతే కాదనేవాడే లేడు."

"ఆఫీసులో మనుషులేగా కొండయ్యా ఉండేది. చెబితే అర్థం చేసుకోరా?"

"మనుషులు అర్థం చేసుకుంటారు. ఆఫీసు అర్థం చేసుకోదు. నువ్వు బోర్డింగులో చదివావు, నీకు తెలవదు."

ఆమె పాస్టరు వరప్రసాదంగారి దగ్గరకు వెళ్లి ఉత్తరం రాయించుకుంది. ఆయన కూడా కాసేపు ఆలోచించి, న్యాయమైన కోరికే గదా అని రాసిచ్చాడు. అది పట్టుకుని అటవీశాఖ వాళ్ల ఆఫీసుకు పోయింది. బల్ల దగ్గర శేషగిరిరావు అనే గుమాస్తా ఉన్నాడు.

"ఏంటమ్మా?"

"గొయ్యి తవ్వుకోటానికి పర్మిషను కావాలండి."

"రొయ్యల చెరువా? అభయారణ్యం లోపల ఇవ్వరు. పో."

"చెరువు కాదండి. మనిషికి."

ఆయన కళ్లజోడు పెట్టుకున్నాడు. "ఎప్పుడు పోయాడు?"

"పోలేదండి. ఇంట్లోనే ఉన్నాడు. పొద్దున గంజి తాగాడు."

పక్కబల్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. శేషగిరిరావు నవ్వలేదు గానీ, "బతికున్న మనిషికి గొయ్యి అడుగుతున్నావేంటమ్మా. ఆయనకు తెలుసా ఈ సంగతి?" అన్నాడు.

"ఆయన కోరికేనండి."

"చూడమ్మా. మనిషి పోయాక, పోయినట్టు సర్టిఫికెట్టు తెచ్చి, దానితో దరఖాస్తు పెట్టాలి. మేం బాపట్లకు పంపుతాం. వాళ్లు పైకి పంపుతారు. జవాబు రావటానికి నెలలు పట్టుద్ది."

"అప్పటిదాకా మనిషి ఆగడు గదండీ."

ఆయన చేతిలో పెన్ను బల్ల మీద పెట్టేశాడు. గొంతు తగ్గించి, "మా పెద్దసారు వచ్చేవారం బాపట్ల బంగళాలో క్యాంపు ఉంటారు. పోయి ఆయనకు చెప్పుకో. నేను పంపానని అనబాకు," అన్నాడు.

బాపట్లలో ఆ సారు మంచిగానే మాట్లాడాడు. వరండాలో కుర్చీ చూపించాడు. కూర్చోనా అండి అని అడిగి కూర్చుంది. ఆయన పటం తెప్పించి పరిచాడు.

"ఆ దిబ్బ మీద సమాధులున్నట్టు మా దగ్గర లేదమ్మా. దట్టమైన పొన్నచెట్లని ఉంది."

"ఆ చెట్లే సమాధులండి. ఒక్కొక్క చెట్టు కింద ఒక్కొక్కరు. మేమే గుచ్చాం."

ఆయన పటం మీంచి తలెత్తి చూశాడు. "మేం కూలీలను పెట్టి నాటిస్తే ఎక్కడా అంత బాగా రాలేదు. చాలా మంచిపని చేశారు. ఆ చెట్లే రేపు ఉప్పెనొస్తే మీ పల్లెకు అడ్డం."

"తెలుసండి."

"ఇప్పుడక్కడ గొయ్యి తీస్తే వేళ్లు తెగుతాయి. నా చేతిలో లేదు, హైదరాబాదుకు రాయాలి. రాస్తాను." కాగితం తీసుకుని, "ఈ బోర్డు పెట్టాక ఎవర్నైనా అక్కడ పూడ్చారా?" అని అడిగాడు.

ఇక్కడి దాకా చెప్పి దానమ్మ చీపురు పుల్లలు సర్దుతూ కూర్చుంది. తల ఎత్తకుండానే అంది.

"చెప్పేశానండి. ఎవరెవరో, ఏ యేడో. మొన్న వానల్లో పెట్టిన వెంకటరత్నం తాతతో సహా. అడిగినవాళ్లకు అబద్ధం చెప్పకూడదు గదా. పైగా అంతమందిని పెట్టారని తెలిస్తే, ఇంకొకరికి కాదనరని అనుకున్నా. గార్డు ఉన్నాడా అప్పుడు అన్నారు. రేపల్లె పోయేవాడండి అన్నా. ఆయన అంతా రాసుకున్నారు. టీ తెప్పించి ఇచ్చారు. తాగి దణ్ణం పెట్టి వచ్చా. బస్సులో ఎంత తేలిగ్గా ఉందో నాకు."

ఆ తేలిక వారం కూడా నిలవలేదు. జీపులో మనుషులు వచ్చి పొన్నదిబ్బ తిరిగి చూశారు. వీరాస్వామికి సంజాయిషీ చెప్పుకోమని కాగితం వచ్చింది. రేవులో గుడిసె వేసి పగలూ రాత్రీ అందులోనే ఉండమన్నారు. చేపలకు పోయే పడవలు కాలవలోనే ఉండాలి, దిబ్బవైపు తిరిగితే పడవ పట్టుకుపోతామన్నారు. ఆ ఏడు ఈస్టరుకు ఎవర్నీ పోనివ్వలేదు. పల్లెవాళ్లు గట్టున నిలబడి కాలవ అవతలికి చూస్తూ పాట పాడి వచ్చారు.

ఆ రోజు నుంచి దానమ్మతో మాటలు తగ్గాయి. పంపు దగ్గరకు బిందె పట్టుకుని వెళ్తే, "జరగండే, దానమ్మొచ్చింది. పంపు కొట్టటానికి హైదరాబాదు నుంచి పర్మిషను తెచ్చుకుందో లేదో అడగండి," అనేవారు. వెంకటరత్నం తాత కూతురు మాత్రం ఏమీ అనేది కాదు. ఈమె రాగానే బిందె నిండకుండానే ఎత్తుకుని పోయేది. అదే ఎక్కువ బాధగా ఉండేదట.

కొండయ్య ఒక్కసారే అన్నాడు. "అన్న పోకముందే అన్నకు దారి మూశావు వదినా."

దేవసహాయం మాత్రం కోప్పడలేదు. మంచంలో పడుకునే, "అడిగావుగా. జవాబొచ్చేదాకా నేను ఉంటాలే," అన్నాడు. అది వేళాకోళమనుకుంది దానమ్మ. కానీ ఆయన మర్నాటి నుంచి వద్దన్న గంజిని బలవంతాన మింగటం మొదలుపెట్టాడు. దగ్గు వస్తే వాంతి, మళ్లీ గంజి. పోస్టు మనిషి సైకిలు గంట వినపడితే తల తిప్పేవాడు. మాఘం, ఫాల్గుణం పోయాయి. ఎండలు ముదిరాయి. మనిషి చర్మం, ఎముకలుగా మిగిలాడు. రోహిణి కార్తెలో ఒకరోజు తెల్లవారేసరికి పోయాడు. జవాబు రాలేదు.

కొండయ్యే సరుగుడు పలకలతో పెట్టె చేశాడు. పల్లెవాళ్లు దానమ్మతో మాట్లాడకపోయినా దేవసహాయం కోసం అందరూ వచ్చారు. పొద్దెక్కేసరికి పోటు వస్తోంది. కాలవలో పడవ దిబ్బదాకా పోవాలంటే పోటు మీదే పోవాలి. నీళ్లు తీస్తే ఆ దారంతా మొలలోతు బురద. పెట్టెను పడవలోకి దించారు.

వీరాస్వామి గుడిసెలోంచి వచ్చి నీళ్ల అంచున నిలబడ్డాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అమ్మా, నన్ను చంపబాకండి," అన్నాడు.

"నువ్వు రేపల్లె పో," అన్నాడు కొండయ్య.

"ఎట్లా పోయేది కొండయ్యా? ఇప్పుడు నా పేరు కాగితంలో ఎక్కింది. మీరు అడక్కుండా ఉంటే నేను చూడకుండా ఉండేవాణ్ని. నాకు ఇద్దరు ఆడపిల్లలు."

కొండయ్య దానమ్మ వైపు తిరిగాడు. "వాడొక్కడు. మనం ఇంతమందిమి. వాణ్ణేం కొట్టం, పక్కన కూర్చోబెడతాం. నువ్వు ఊఁ అను వదినా."

అందరూ ఆమెనే చూస్తున్నారు. ఎన్నో నెలల తరువాత ఆమె ముఖంలోకి సూటిగా చూడటం అదే మొదటిసారట. ఆమె పెట్టెను చూసింది, వీరాస్వామిని చూసింది.

"ఒక్కసారి ఫోను చేయిద్దాం కొండయ్యా. జవాబు ఈపాటికి వచ్చే ఉంటది. పాస్టరుగారు మోటారుసైకిలు మీద పోయొస్తారు. ఇంకా పోటు ఉందిగా."

కొండయ్య తెడ్డు పడవలో పడేసి గట్టున కూర్చున్నాడు. వరప్రసాదంగారు వెళ్లారు. ఫోను దొరకటానికి చెరుకుపల్లి దాకా పోవలసివచ్చింది. ఇక్కడ నీళ్లు నిండాయి, కాసేపు కదలకుండా నిలబడ్డాయి, తరువాత గట్టు మీది తడి గీత కింద ఇంకో గీత కనపడింది. పెట్టె మీద తాటాకులు కప్పారు. ఎండకు పలకల సందుల్లోంచి వాసన మొదలైంది. పాస్టరుగారు వచ్చేసరికి పడవ అడుగు బురదకు తగులుతోంది.

"ఇంకా రాలేదంటమ్మా," అన్నాడాయన. ఆయన వెనకాలే జీపు కూడా వచ్చింది. ఫోనులో విషయం విన్నవాళ్లు ఊరుకోలేదు.

మళ్లీ పోటు రాత్రికి గాని రాదు. అందాకా ఆ మనిషిని ఉంచటం కుదరదు. కాలవకు ఇవతల, వలలు ఆరబెట్టే చవుడు నేలలో గొయ్యి తీశారు. అరగజం లోతులోనే ఉప్పునీరు ఊరింది. ముంతలతో తోడుతూ పెట్టెను దించారు. మట్టి వేస్తుంటే పెట్టె ఒక పక్కకు తేలి, కొండయ్య కాలితో అదిమిపట్టవలసివచ్చింది. ఆ తరువాత ఆయన వదినతో మాట్లాడలేదు. నేను ఇది రాసేనాటికీ మాట్లాడలేదు.

జవాబు వానాకాలం పోయాక వచ్చింది. పూడ్చటానికి అనుమతి లేదు. అయితే దరఖాస్తుదారు సంవత్సరానికొకసారి, గార్డు వెంట ఉండగా దిబ్బకు పోయి ప్రార్థన చేసుకోవచ్చు. నిప్పు వెలిగించరాదు. ఏదీ అక్కడ వదలరాదు, అక్కడినుంచి ఏదీ తేరాదు. కాగితంలో ఉన్నది దానమ్మ పేరొక్కటే. పల్లెలో ఇంకెవరికీ ఆ అనుమతి లేదు. ఆ మాట తెలిశాక పంపు దగ్గర వేళాకోళాలు కూడా ఆగిపోయాయి.

మరుసటి ఈస్టరుకు ఆమె ఒక్కతే పోయింది. పడవ వాళ్లెవరూ రామంటే శాఖవాళ్ల పడవలోనే తీసుకుపోయారు. వీరాస్వామి రెండు చేతులతో పడవ అంచు పట్టుకుని కూర్చున్నాడు. దిబ్బ మీద కాలు పెడితే ఆమెకు ఏమీ గుర్తు దొరకలేదు. రెండేళ్లలో చెట్లు ఒకదానిలోకి ఒకటి అల్లుకుపోయాయి. పైనుంచి వేళ్లు దిగి కొత్త చెట్లయ్యాయి. రాలిన కాయలు మొలిచి సందులన్నీ నింపాయి. ప్రమీల చెట్టు ఏదో, ప్రభుదాసు చెట్టు ఏదో తేలలేదు. దేవసహాయం ఉంటే చెప్పగలిగేవాడు. మోకాలిలోతు బురదలో అటూ ఇటూ తిరిగి, ఒక చోట నిలబడి, అందరికీ కలిపి ప్రార్థన చేసింది.

తిరిగి పడవ ఎక్కేటప్పుడు వీరాస్వామి చెంబుతో నీళ్లు ముంచి, "కాళ్లు కడుక్కోండమ్మా," అని అందించాడు. ఆమె చెంబు తీసుకోలేదు. కాళ్లు ముడుచుకుని, చీర కుచ్చిళ్లు ఆ బురద మీదికి లాక్కుని కూర్చుంది. ఆయన చెంబులో నీళ్లు కాలవలో వంచేసి అవతలికి తిరిగాడు.

"కాళ్ల బురద ఎండకు ఆరిపోయి పెళ్లలు పెళ్లలుగా పడవలోనే సగం రాలిపోయిందండి. రేవులో దిగి, అడుగు గట్టిగా వేస్తే మిగిలింది కూడా రాలిపోద్దని మెల్లగా నడిచా. మా ఆయన గొయ్యి దగ్గర కూర్చుని, కాళ్లు ఆల్చిప్పతో గీకి ఆ చవుడు మీద వేశా. పిడికెడు కూడా రాలేదు."

నేనేదో ఓదార్పుగా అనబోయాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"అది మా పిల్లల మీది మట్టేనని చెప్పలేనండి. వెంకటరత్నం తాత మీదిదేమో."

లోపల ఎవరో రోగి పిలిచారు. దానమ్మ లేచి లోపలికి వెళ్లింది.